తప్పు చదివిన గంట

"మీ చెల్లెలి పేరు చెప్తారా, చెప్పరా? అదొక్కటి తేల్చండి. తర్వాతే ఈ చొక్కా ఇస్తాను."

వదిన ఇస్త్రీపెట్టెను ఎత్తి నిలబెట్టింది. బల్లకు అటువైపు అన్న బనీనుతో కూర్చుని చల్లారిపోయిన టీ వైపు చూస్తున్నాడు. పదకొండు రోజులుగా ఆ కుర్చీ ఆయనదే. డ్యాం గేట్ల దగ్గర పద్ధెనిమిదేళ్ళు నిలబడి పనిచేసిన మనిషికి ఇంట్లో కూర్చోవడం ఇంకా చేతకావడం లేదు. మోకాలు ఊపుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ ఊపుతున్నాడు.

"రెండింటికి విచారణ. మొదటి ప్రశ్నే అది అడుగుతారు. పైనుంచి కాగితం రాకుండా గేట్లు ఎందుకు తీశావు, ఎవరు చెప్తే తీశావు అని. ఏం చెప్తారు?"

"ఎవరూ చెప్పలేదంటాను. నాకే తోచింది, తీశాను."

"మీకు తోచింది. పెళ్ళయిన పదహారేళ్ళలో గొడుగు పట్టుకెళ్ళాలని కూడా తోచని మనిషికి, డ్యాం ఖాళీ చేయాలని తోచింది. వాళ్ళు నమ్ముతారు."

మూల మంచం మీద కూర్చున్న తల్లికి నవ్వొచ్చినట్టుంది. సందర్భం కాదని గోడ వైపు తిరిగింది.

పాపాయి గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటోంది. ముప్పయ్యారేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె పాపాయే. ఊరి వాతావరణ కేంద్రంలో రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి బులెటిన్ రాయడం ఆమె ఉద్యోగం. కొండల మీది నేల ఎంత తడిసి ఉందో కొలిచే ఒక పరిశోధన ఉపగ్రహం ఉంది. దాని ఫైళ్ళు ఈ కేంద్రానికి రావడం మొదలై ఏడాది కాలేదు. వాటిని పట్టించుకునేది ఆమె ఒక్కతే. అందుకే ఆఫీసులో ఆమెను శాటిలైటమ్మ అంటారు, సగం వేళాకోళంగా.

పన్నెండు రోజుల క్రితం ఆ ఫైలు చూసే ఆమె అన్నకు ఫోన్ చేసింది. "కొండల మీద నేల నానిపోయి ఉందన్నయ్యా. రేపు వాన పడితే చుక్క కూడా ఇంకదు. అంతా మీ డ్యాంలోకే వస్తుంది." అన్న మారుమాట అడగలేదు. గేట్లు తీసి డ్యాంలో చోటు చేశాడు. మర్నాడు వాన పడింది. నేల గుటుక్కున తాగేసింది. డ్యాంలోకి వచ్చింది పిల్లకాలువంత. కింది పొలాల కోసం దాచిన నీళ్ళు ఏటి పాలయ్యాయి. రైతులు ఆఫీసు ముందు కూర్చున్నారు, అన్న సస్పెండయ్యాడు.

"నువ్వూ మాట్లాడవేం?" వదిన గుమ్మం వైపు తిరిగింది. "ఆకాశంలో తిరిగే డబ్బా ఏదో తప్పు చెప్పింది. ఆ తప్పు ఈయన నెత్తిన పడింది. ఆయనకి చెప్పింది నేనేనని ఒక్క కాగితం మీద రాసి సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది?"

"డబ్బా తప్పు చెప్పలేదు వదినా."

"మరి?"

పాపాయి వంగి చెప్పు పట్టీ బిగించుకుంది. అది బిగిసే ఉంది.

"పాపాయి జోలికి వెళ్ళకు," అన్నాడు అన్న. గొంతు పెంచలేదు. "గేటు మీద చెయ్యి వేసింది నేను. దానికి మతి తప్పితే నాకుండాలిగా."

ఆ మాట తిట్టయినా బాగుండేదనిపించింది పాపాయికి.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు ఎనిమిది రోజులుగా తెలుసు. ఆ ఫైల్లో రెండు సమయాలుంటాయి. ఉపగ్రహం కొండల మీదుగా వెళ్ళిన గంట ఒకటి, పరిశోధన సంస్థ వాళ్ళు ఫైలు తయారుచేసిన గంట ఒకటి. ఆ వారం వాళ్ళు పాత కొలతలను మళ్ళీ లెక్కకట్టి పంపారు. ఆమె తొందరలో రెండో గంట చూసి మొదటిదనుకుంది. నేల తడిసి ఉన్నది నిజమే, కానీ అది మూడు రోజుల ముందటి సంగతి. ఆ మూడు రోజులూ ఎండ కాసింది. నేల ఆరిపోయింది.

ఎనిమిది రోజులుగా ఆ మాట చెప్పాలని బల్ల దగ్గర కూర్చుంటోంది. పళ్ళెం కడుక్కుని లేచి వెళ్ళిపోతోంది.

చేతిలో ఫోన్ గుర్రుమంది. ఆ రోజు ఫైలు వచ్చింది. తెరిచి చూసి, మళ్ళీ చూసింది.

"తిని వెళ్ళవే," అంది తల్లి.

పాపాయి అప్పటికే వీధిలో ఉంది.

---

వాతావరణ కేంద్రంలో అధికారి తన గదిలో కిటికీ తలుపులు బార్లా తెరుచుకుని విసనకర్రలా ఒక పాత ఫైలుతో విసురుకుంటున్నాడు. బయట ఎండ. గాలి లేదు. దూరంగా కొండలుండాల్సిన చోట నిన్నటి నుంచీ బూడిదరంగు మబ్బుగోడ ఒకటి నిలబడి ఉంది.

పాపాయి రెండు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఒకటి పటం. కొండల భాగమంతా చిక్కటి నీలం. రెండోదాని మీద పెన్నుతో రెండు సమయాలు రాసి వాటి చుట్టూ సున్నాలు చుట్టింది.

"ఉపగ్రహం వెళ్ళింది ఈ రోజు ఆరుంపావుకి సార్. ఫైలు తయారైంది ఎనిమిదింటికి. నాలుగుసార్లు చూశాను. కొండల మీద నేల ఇక పట్టదు. సాయంత్రానికి అక్కడ ఓ మోస్తరు వానని మన బులెటిన్లోనే ఉంది. మామూలుగా అయితే భయం లేదు. ఈ నేల మీద పడితే అంతా డ్యాంలోకే దిగుతుంది. డ్యాం అంచుకి రెండడుగులే ఉంది."

"రెండడుగులా? అంత నింపారా?"

"అన్నయ్య తీసి తిట్లు తిన్నాడుగా. వారంగా కొండల మీద పడ్డ వానంతా చేరుతున్నా, కొత్తగా వచ్చినతను భయపడి చుక్క వదలడం లేదు."

ఆయన విసురుకోవడం ఆపాడు.

"బులెటిన్లో ఒక్క వాక్యం చాలు సార్. 'నేల తడి ఎక్కువగా ఉన్నందున వరద వేగంగా రావచ్చు' అని."

"ఎందుకు రాయనో నీకు తెలుసు."

"పరిశోధన డేటా బులెటిన్లోకి రాకూడదని."

"అది ఆఫీసు కారణం. నా కారణం వేరే." ఆయన పటాన్ని దగ్గరికి లాక్కోలేదు, దూరం నుంచే చూశాడు. "ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండుసార్లు నేను వరదన్నాను. జనం మూటలు కట్టుకుని పైకి వెళ్ళారు. రెండుసార్లూ రాలేదు. మూడోసారి కూడా చెప్పాను. ఎవరూ కదల్లేదు. ఆసారి వచ్చింది. అంచేత పాపాయమ్మా, నా బులెటిన్లో నాకు తెలిసిందే ఉంటుంది."

పాపాయి పటాన్ని ఆయన వైపు ఇంకాస్త జరిపింది.

"సార్, పన్నెండు రోజుల కిందట ఉపగ్రహం తప్పు చెప్పలేదు," అంది పాపాయి. "నేను గంట తప్పు చదివాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె చెప్పుకుంటూ పోయింది. రెండు సమయాలు, మళ్ళీ కట్టిన పాత లెక్క, మూడు రోజుల ఎండ. నీళ్ళు నమలకుండా చెప్పింది. చెప్పడం ఇంత తేలికా అని మధ్యలో ఆమెకే ఆశ్చర్యమేసింది.

"తెలిసి ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిది రోజులు."

"నేను పై ఆఫీసుకి ఏం రాశానో తెలుసా?" ఆయన గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది. "ఈ డేటా రోజువారీ అంచనాలకి పనికిరాదు, డ్యాం సంగతే రుజువు అని రాశాను. వాళ్ళు సరేనన్నారు. వచ్చే నెల నుంచి ఆ ఫైళ్ళు మనకి రావు. నువ్వు నోరు మూసుకున్నందుకు, ఒప్పు చెప్పిన దాన్ని నా చేత్తో నేనే బయటికి గెంటాను."

పాపాయి రెండో కాగితం కూడా ఆయన ముందుకు తోసింది.

"ఈ రోజు ఒక్క వాక్యం సార్."

"నా వాక్యంతో గేట్లు లేవవు. లేపించగలిగిన మనిషి రెండింటికి మీ అన్నయ్య ఎదురుగా కూర్చుంటుంది. అక్కడికెళ్ళి ఇదే చెప్పు. తప్పు నీదని తేలితే తప్ప, ఆ పటం మాట ఎవరూ వినరు."

"నా ఉద్యోగం?"

"అది నన్నడక్కు."

ఆమె తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి అన్నాడు. "అక్కడ చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. అప్పుడు ఆ వాక్యం కలుపుతాను. ముందు మాత్రం కలపను."

---

నీటిపారుదల ఆఫీసు వరండాలో బల్ల మీద అన్న, వదిన పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా చెమటకు అప్పుడే వీపుకి అంటుకుంది. గోడ గడియారం రెండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"నువ్వెందుకొచ్చావు?" అన్నాడు అన్న. "నీ పేరు రాదని చెప్పానుగా. వెళ్ళు, ఆఫీసు చూసుకో."

"నా పేరు రావాలన్నయ్యా."

వదిన తలెత్తింది.

పాపాయి నిలబడే చెప్పింది. అధికారికి చెప్పినంత తేలిగ్గా రాలేదు. రెండు సమయాల సంగతి దగ్గర మాట తడబడింది. మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. అన్న మధ్యలో అడ్డుపడలేదు. మోకాలు ఊపడం మాత్రం ఆగిపోయింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఎనిమిది రోజులైంది."

"ఎనిమిది రోజులు." ఆయన ఆ మాటను తనకు తానే చెప్పుకున్నట్టు మెల్లగా అన్నాడు. "రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నావు."

"తిన్నాను."

"మొన్న నన్నడిగావు. అన్నయ్యా, నిద్ర పడుతోందా అని."

వరండా చివర ఎవరో టైపు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. అన్న ఆమె వైపు చూడటం మానేసి చేతులు చూసుకున్నాడు. పద్ధెనిమిదేళ్ళ గ్రీజు ఇంకా గోళ్ళ సందుల్లోనే ఉంది.

వదిన విరుచుకుపడుతుందనుకుంది పాపాయి. పడితే బాగుండుననుకుంది. వదిన ఆమెను కింద నుంచి పైకి ఒకసారి చూసింది.

"లోపల కూడా ఇదే చెప్తావా?"

"చెప్తాను. ఇంకో మాట కూడా చెప్పాలి. అది ఇంతకంటే పెద్దది."

"అయితే ఏడవకుండా చెప్పు. ఏడిస్తే నమ్మరు."

తలుపు తెరుచుకుంది. అన్న పేరు బదులు ఆయన ఉద్యోగం పేరు పెట్టి పిలిచారు. లేచి లోపలికి నడిచాడు. వెనకే వస్తున్న చెల్లెల్ని ఆపలేదు, రమ్మననూ లేదు.

---

విచారణకు వచ్చిన ఇంజనీరు యాభై ఏళ్ళావిడ. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. పాపాయి చెప్పినంతసేపూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. అంతా అయ్యాక పెన్ను మూత పెట్టింది.

"చూడమ్మా. ఆ రోజు నువ్వు తప్పు చదివావు, ఇతను నీ మాట విని గేట్లు తీశాడు. అంతవరకూ అర్థమైంది. కానీ ఇప్పుడు మళ్ళీ తీయమంటున్నావు. అప్పుడు తప్పు చదివిన మనిషి ఇప్పుడు సరిగ్గా చదివిందని ఏమిటి నమ్మకం?"

"నన్ను నమ్మొద్దు మేడం. పటం చూడండి."

"పటం చూడటం నాకు రాదు. ఈ జిల్లాలో నీకు తప్ప ఎవరికీ రాదు. అదే కదా గొడవ."

పాపాయి చెయ్యి కాగితం మీద అలాగే ఉండిపోయింది.

"వాగు రంగు అడగండి మేడం," అన్నాడు అన్న.

ఆయన నేలను చూసి మాట్లాడుతున్నాడు. "గేటు దగ్గర ఫోన్ ఉంది. డ్యాంలోకి దిగే వాగు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో కొత్తతన్ని అడగండి. కొండ మీద నేల వాన తాగుతున్నంతసేపు వాగు తేటగా వస్తుంది. తాగడం మానేస్తే మట్టి తెస్తుంది. ఆ రోజు నేను వాన పడి రంగు తెలిసేదాకా ఆగలేదు. చెల్లి చెప్పింది కదా అని ముందే తీశాను. అది నా తప్పు, రాసుకోండి."

ఇంజనీరు ఫోన్ తీసి బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా నొక్కింది. చాలాసేపు మోగింది.

"చెప్పండి మేడం."

"వాగు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

ప్రశ్న అర్థం కానట్టు అవతల కాసేపు ఆగాడు. "పొద్దున తేటగానే ఉన్నాయి మేడం. ఇప్పుడు టీ రంగు. కొమ్మలు కూడా కొట్టుకొస్తున్నాయి. ఇక్కడ వాన లేదు. పైన పడుతున్నట్టుంది."

"మట్టం ఎంతుంది?"

"రెండడుగులుంది మేడం అంచుకి. అంటే ఇందాక. ఆగండి." అడుగుల చప్పుడు, ఇనప రెయిలింగు మోత. తిరిగొచ్చేసరికి గొంతు మారింది. "అడుగున్నర కూడా లేదు మేడం."

"ఇందాకంటే ఎప్పుడు?"

"అన్నానికి వెళ్ళే ముందు."

ఇంజనీరు గడియారం వైపు చూడలేదు. "సైరన్ వేసి రెండు గేట్లూ లేపు. ముందు సైరన్. నేను వస్తున్నాను."

"కుడిది లేస్తుంది మేడం. ఎడమది రాదు. నిన్న ప్రయత్నం చేశాను. గొలుసు బిగుసుకుపోయింది."

అన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "బిగుసుకోలేదు. దానికొక పద్ధతుంది. ముందు అరంగుళం కిందికి దించాలి, తర్వాత లాగాలి. ఎక్కడ వదలాలో చేతికి తెలియాలి. ఫోన్లో చెప్తే రాదు."

"మీరు సస్పెన్షన్లో ఉన్నారు," అంది ఇంజనీరు.

"తెలుసు మేడం."

"గేటు దగ్గర అడుగు పెడితే అది ఇంకో నేరం."

"తెలుసు."

ఆవిడ కాగితాలు ఎత్తి సంచిలో కుక్కింది. "నా జీపులో కూర్చోండి. మిగతాది రేపు చూసుకుందాం." తలుపు దగ్గర పాపాయి ముందు ఆగింది. "టైమెంత ఉంది?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. తన మాట ఒకరు నమ్మడం కోసమే ఆమె పొద్దుటి నుంచీ తిరిగింది. తీరా నమ్మేసరికి, ఆవిడ అడిగింది ఆ పటంలో లేని సంగతి.

"ఉపగ్రహం గంట చెప్పదు మేడం. మళ్ళీ ఇటు వచ్చేది మూడు రోజుల తర్వాత. నేల నిండిందని మాత్రమే తెలుసు. చీకటి పడేలోపే అని నా అంచనా. ఇంకా ముందే కావచ్చు. నాకు తెలియదు."

అన్న పక్క నుంచి వెళ్తూ ఒక్క క్షణం ఆగాడు.

"ఆ రోజు కూడా ఇలాగే చెప్పి ఉంటే బాగుండేది," అన్నాడు. తిట్టాడో, మెచ్చుకున్నాడో ఆమెకు తెలియలేదు. అడిగే వ్యవధి లేదు.

---

జీపు సందు మలుపు తిరిగాక కూడా వదిన, పాపాయి ఆఫీసు మెట్ల మీదే నిలబడ్డారు. పాపాయి అధికారికి ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్పింది. "కలుపుతున్నాను," అని ఆయన పెట్టేశాడు.

వదిన కళ్ళు ఇంకా ఆ మలుపు మీదే ఉన్నాయి.

"ఆయనకి ఈత రాదు. తెలుసా నీకు?"

"తెలుసు వదినా."

"పద్ధెనిమిదేళ్ళు నీళ్ళ మీద ఉద్యోగం. నేర్చుకోమంటే, నీళ్ళు నా మాట వింటాయిలే అనేవాడు."

అప్పుడే సైరన్ మొదలైంది.

దూరం నుంచి, పొడుగ్గా, ఊరి మీదుగా సాగింది. వీధిలో పనులు ఆగిపోయాయి. సైకిళ్ళు బాగుచేసే అతను చేతిలో టైరుతో బయటికొచ్చాడు. దర్జీ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపాడు. డ్యాం సైరన్ మూడుసార్లు మోగితే గేట్లు లేస్తున్నాయని, ఏటి గట్టు వదిలి పైకి వెళ్ళాలని ఊళ్ళో అందరికీ తెలుసు. నెలకోసారి పరీక్ష కోసం వేసేటప్పుడు రెండే మోగుతుంది.

మొదటిది ఆగింది.

రెండోది మోగింది. మొదటిదానికంటే పొట్టిగా, చివర ఎవరో గొంతు నొక్కినట్టు ఆగింది.

వీధంతా ఎదురుచూసింది. వదిన పెదవులు కదులుతున్నాయి. ఆమె లెక్కపెడుతోందో, మొక్కుకుంటోందో పాపాయికి తెలియలేదు. ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి గడిచింది.

మూడోది రాలేదు.

"పరీక్షేలే," అన్నాడు దర్జీ. మిషను మళ్ళీ తిరిగింది. ఏటి వైపు సందులోంచి పరుగెత్తుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటూ వెనక్కి మళ్ళారు.

పాపాయి గేటు నంబరుకు ఫోన్ చేసింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. అన్నకు చేసింది. అదీ అంతే.

వదిన అప్పటికే మెట్లు దిగి వీధి దాటింది. సైకిళ్ళ షాపు ముందు నిలబడి, లోపలికి వెళ్ళబోతున్న మనిషి చేతిలోని టైరు పట్టుకుంది.

"పరీక్ష కాదండీ. డ్యాం పొంగుతోంది. గట్టు మీద వాళ్ళందర్నీ పైకి రమ్మని కేకేయండి, మీ గొంతు పెద్దది."

"ఎవరన్నారమ్మా?"

"మా ఆడపడుచు." వదిన వెనక్కి తిరిగి చెయ్యి చాపి చూపించింది. "అదిగో, ఆవిడే. వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. కొండల మీద నేల నిండిపోయిందని చూసి చెప్పింది."

అతను పాపాయి వైపు చూశాడు. గుర్తుపట్టినట్టే ఉన్నాడు. తర్వాత టైరు కింద పెట్టి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని తల పైకెత్తాడు.

"ఎండ కాస్తోంది కదమ్మా," అన్నాడు.